హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కి పోర్ట్‌ఫోలియో: తొమ్మిదో తరగతి నుంచి వైవా దాకా

మన ఇళ్ళన్నిటిలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్, ఒక్కోదానికి మూడేసి జిరాక్సులు. ఉద్యోగానికి వెళ్ళినా వీసాకి వెళ్ళినా చంకలో అదే. అందుకే ఇక్కడ అమెరికాలో మా పెద్దమ్మాయి స్కూలు నుంచి "గ్రాడ్యుయేషన్‌కి పోర్ట్‌ఫోలియో తప్పనిసరి" అని కాగితం వచ్చినప్పుడు నేనేం కంగారుపడలేదు. స్పెల్లింగ్ పోటీ సర్టిఫికెట్, డాన్స్ స్కూల్ వాళ్ళిచ్చిన జ్ఞాపిక ఫొటో, మ్యాథ్స్ పోటీ కాగితం, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో దూర్చి బైండర్ కట్టి పంపాను. రెండు రోజుల్లో తిరిగొచ్చింది. టీచరు మర్యాదగానే రాసింది: "ఇవన్నీ మీ అమ్మాయి గురించి వేరేవాళ్ళు చెప్పిన మాటలు. ఆమె చేసిన పని ఎక్కడుంది?"

పోర్ట్‌ఫోలియో అంటే పిల్లలు సొంతంగా చేసిన పనుల్లోంచి ఏరి కూర్చిన కట్ట అని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఇద్దరు పిల్లల పోర్ట్‌ఫోలియోలు దగ్గరుండి చూశాను. పిల్లలు తమ పోర్ట్‌ఫోలియో గురించి చెబుతుంటే విని, ప్రశ్నలడిగి మార్కులు వేసే బృందాన్ని ప్యానెల్ అంటారు. ఐదేళ్ళుగా మా ఊరి స్కూల్లో ఆ ప్యానెల్‌కి బయటి సభ్యురాలిగా వెళ్తున్నాను. టీచర్లతో పాటు ఊళ్ళోవాళ్ళని ఒకరిద్దరిని పిలవడం ఇలాంటి స్కూళ్ళలో మామూలే. ఇది చదివేది ఎక్కువగా తల్లిదండ్రులే అనుకుంటున్నాను. ఈమధ్యే ఇండియా నుంచి వచ్చి హైస్కూల్లో చేరిన పిల్లల కోసం చివర్లో కొంత విడిగా రాశాను.

1. మీ స్కూలు అడుగుతున్నది ఏ పోర్ట్‌ఫోలియో?

అమెరికాలో మన ఎస్సెస్సీ బోర్డు లాంటిది దేశమంతటికీ ఒకటి లేదు. డిప్లొమాకి, అంటే హైస్కూలు పూర్తిచేసినట్టు ఇచ్చే పట్టాకి, ఏం కావాలో కొంత రాష్ట్రం, కొంత డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు స్కూళ్ళని నడిపే సంస్థ), ఒక్కోసారి స్కూలే చెబుతుంది. కాబట్టి కాలిఫోర్నియా ఫ్రిమాంట్‌లో ఉన్న మీ చెల్లెలు చెప్పిన సలహా న్యూజెర్సీ ఎడిసన్‌లో మీకు పనికిరాకపోవచ్చు. ఒకే పేరుతో చాలా వేరు వేరు సంగతులు నడుస్తున్నాయి.

న్యూయార్క్‌లో పెర్ఫార్మెన్స్ స్టాండర్డ్స్ కన్సార్షియం అనే స్కూళ్ళ బృందం ఉంది. రాష్ట్రంలో మిగతా పిల్లలు రాసే రీజెంట్స్ పరీక్షల్లో ఇంగ్లీషు ఒక్కటి తప్ప మిగతావాటి నుంచి ఈ స్కూళ్ళు మినహాయింపు తెచ్చుకున్నాయి. బదులుగా పిల్లలు నాలుగు పెద్ద పనులు చెయ్యాలి: సాహిత్యం మీద విశ్లేషణ వ్యాసం, సోషల్‌లో పరిశోధన పత్రం, సైన్సులో సొంత ప్రయోగం, పై స్థాయి మ్యాథ్స్ వాడి సాధించిన సమస్య. ప్యానెల్ ముందు నిలబడి వాటిని వివరించాలి కూడా.

న్యూజెర్సీలో సంగతి పూర్తిగా వేరు. అక్కడ పదకొండో తరగతిలో రాసే గ్రాడ్యుయేషన్ పరీక్ష గట్టెక్కక, దానికి బదులు శాట్ (కాలేజీ ప్రవేశానికి రాసేది) లాంటి పరీక్షల్లోనూ కావలసిన స్కోరు రాకపోతే, అప్పుడు పోర్ట్‌ఫోలియో అప్పీల్ అనే దారి ఉంది. అంటే ఆ పోర్ట్‌ఫోలియో ఇంగ్లీషు, మ్యాథ్స్‌లో స్థాయి ఉందని చూపే నమూనాల కట్ట. వాషింగ్టన్ రాష్ట్రంలో 'హైస్కూల్ అండ్ బియాండ్ ప్లాన్' తప్పనిసరి. ఏ కోర్సులు తీసుకుంటారు, తర్వాత ఏం చదువుతారు, రెజ్యూమె ఏమిటి, ఇలా సాగే ప్రణాళిక అది. అక్కడ ఒకప్పుడు కల్మినేటింగ్ ప్రాజెక్టు, అంటే హైస్కూలు చివర్లో చేసే పెద్ద ప్రాజెక్టు, కూడా ఉండేది. 2014 నాటి చట్టంతో రాష్ట్ర నిబంధనల్లోంచి తీసేశారు. అయినా పెద్ద పిల్లలున్నవాళ్ళు ఇంకా దాని గురించే చెబుతుంటారు. మేరీలాండ్‌లో 75 గంటల సేవ లెక్క విడిగా చూపాలి. గుడిలో వడ్డించిన గంటలు అందులోకి వస్తాయా రావా అన్నది సేవ అయ్యాక కాదు, ముందే స్కూల్లో అడగండి. ఎన్ని ఇళ్ళలో ఈ గొడవ చూశానో!

అందుకని తొమ్మిదో తరగతి మొదటి నెలల్లోనే స్కూల్లో కోర్సుల గురించి సలహా చెప్పే కౌన్సెలర్‌ని కలవండి. ఇది లేకపోతే డిప్లొమా ఆగుతుందా, లేక ఒక కోర్సులో మార్కులకే పరిమితమా? ఎన్ని పనులు పెట్టాలి, ఏయే సబ్జెక్టుల్లో? ఏ తరగతి నుంచి చేసినవి చెల్లుతాయి? మౌఖికంగా చెప్పాలా? తిప్పి పంపితే మళ్ళీ ఇవ్వడానికి గడువెంత? జవాబులు ఈమెయిల్లో రాయించుకోండి. మాటగా చెప్పింది కౌన్సెలర్ మారగానే గాలికి పోతుంది.

2. రూబ్రిక్ సంపాదించండి

దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికే రూబ్రిక్. అది పన్నెండో తరగతిలో చేతికిస్తారు, మీరు తొమ్మిదిలోనే అడిగి తీసుకోండి. ఎడమ వైపు అంశాలు, పక్కన నాలుగైదు స్థాయిలు ఉంటాయి. మీ పిల్లల్ని కూర్చోబెట్టి రెండో స్థాయికీ మూడో స్థాయికీ తేడా ఏమిటో వాళ్ళ మాటల్లో చెప్పమనండి. పాసు గీత తరచూ అక్కడే ఉంటుంది. "ఆధారాలు ఇచ్చారు" అన్నది ఒక స్థాయి, "ఆధారాలు వాదనని ఎలా నిలబెడతాయో వివరించారు" అన్నది పై స్థాయి. ఈ ఒక్క తేడా తెలియకే చాలామంది పోర్ట్‌ఫోలియోలు వెనక్కి వస్తాయి.

3. దాచడం: చిత్తుప్రతి పారెయ్యకండి

మనకి ఇంటర్ ప్రాక్టికల్ రికార్డు గుర్తుంది కదా. సీనియర్ రికార్డు తెచ్చుకుని, కుడి పేజీలో రాసి, ఎడమ పేజీలో పెన్సిల్‌తో బొమ్మలు గీసి, కొట్టివేత లేకుండా సంతకానికి ఇచ్చేవాళ్ళం. రీడింగులు కూడా రావలసినట్టే వచ్చేవి. పోర్ట్‌ఫోలియోకి ఆ అలవాటు పగవాడు. ఇక్కడ కొట్టివేతే సాక్ష్యం. టీచర్ ఎర్రసిరాతో రాసిన మొదటి ప్రతి, మార్చిన రెండో ప్రతి, చివరి ప్రతి, మూడూ ఉంటేనే పిల్లవాడు ఎక్కడ మారాడో తెలుస్తుంది. గూగుల్ డాక్స్‌లో రాసేవాళ్ళకి వెర్షన్ హిస్టరీ ఉంటుంది, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకుండా ప్రతి దశలో ఒక పీడీఎఫ్ తీసి పెట్టుకోవాలి.

గూగుల్ డ్రైవ్‌లో ఏడాదికో ఫోల్డరు, అందులో సబ్జెక్టుకో ఫోల్డరు చాలు. ఫైలు పేరులో తేదీ, సబ్జెక్టు, ఎన్నో ప్రతి అన్నవి ఉండాలి. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'అసలు ఫైనల్' అని పేర్లు పెట్టే పిల్లలు మా ఇంట్లోనూ ఉన్నారు. మట్టితో చేసినవి, వండినవి, ఆడినవి, బోర్డు మీద గీసినవి ఆరోజే ఫొటో తీసి, కింద రెండు వాక్యాలు రాయించండి: ఏం చేశాను, ఎక్కడ ఇరుక్కున్నాను. ఆ రెండు వాక్యాలు మూడేళ్ళ తర్వాత బంగారం. పదిహేడేళ్ళ పిల్లకి పద్నాలుగేళ్ళప్పుడు తనేం అనుకుందో గుర్తుండదు.

ఫొటోల్లో వేరే పిల్లల ముఖాలుంటే వాళ్ళనీ వాళ్ళ పెద్దవాళ్ళనీ అడగకుండా పోర్ట్‌ఫోలియోలో పెట్టొద్దు.

4. ఏరడం: మంచి మార్కులు వచ్చినదే మంచి పని కాదు

దాచినవాటిలోంచి ఏరే పని పదకొండో తరగతి చివర, వేసవి సెలవులకి ముందు మొదలుపెట్టాలి. పన్నెండో తరగతి మొదటి సగం కాలేజీ అప్లికేషన్లతోనే గడిచిపోతుంది, రెండూ ఒకేసారి నెత్తిన పడితే ఇంట్లో అందరికీ టెన్షన్.

ఏరేటప్పుడు నేను పిల్లల్ని అడిగే ప్రశ్న ఒకటే: దీని గురించి పావుగంట ఆపకుండా మాట్లాడగలవా? నూటికి నూరు వచ్చిన వర్క్‌షీట్ గురించి అర నిమిషం కూడా మాట్లాడలేరు. మా పెద్దమ్మాయి సైన్సుకి ఎంచుకున్న ప్రయోగం చెబుతాను, విషయం తేలికగా అర్థమవుతుంది.

చలికాలంలో ఇక్కడ దోశెల పిండి పులవదు. అమ్మమ్మ ఫోన్లో "ఓవెన్‌లో పెట్టి లైటు వెయ్యండే" అంటుంది. ఉష్ణోగ్రతకీ పిండి పొంగడానికీ లెక్క ఏమిటో చూస్తానంది మా అమ్మాయి. వంటింటి గట్టు మీద ఒక గ్లాసు, హీటర్ దగ్గర ఒకటి, లైటు వేసిన ఓవెన్‌లో ఒకటి. ఒక్కోదాంట్లో కప్పు పిండి పోసి, ఎన్ని సెంటీమీటర్లు పొంగిందో కొలిచింది. హీటర్ దగ్గరిది అన్నిటికన్నా ఎక్కువ పొంగింది. అందంగా గ్రాఫు గీసింది. గీశాక చూసుకుంటే ఆ గ్లాసు సన్నది! అదే కప్పు పిండి సన్నగ్లాసులో ఎత్తుగా నిలుస్తుంది, ఎత్తుగా పొంగుతుంది. మిగతా రెండూ వెడల్పు గ్లాసులు. పైగా రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా అందరం నిద్రపోయాం, ఆ మధ్యలో ఒక్క కొలతా లేదు.

ఏడ్చినంత పని చేసింది. వేరే ప్రాజెక్టు పెడతానంది. వాళ్ళ టీచరే ఆపింది. ఒకేలాంటి సీసాలు మూడు కొని, పక్కన టేపు అంటించి గీతలు పెట్టి, పాత ఫోన్‌తో టైమ్‌లాప్స్ వీడియో పెట్టి మళ్ళీ చేసింది. ఈసారి పొంగును మొదటి ఎత్తులో శాతంగా లెక్కగట్టింది. పోర్ట్‌ఫోలియోలో రెండు గ్రాఫులూ పక్కపక్కనే పెట్టింది. ప్యానెల్ ఇరవై నిమిషాల్లో పదిహేను ఆ తప్పు గ్రాఫు మీదే గడిపింది.

రంగప్రవేశం, కచేరీ లాంటివి పెట్టకూడదని కాదు. కూచిపూడి నేర్చుకున్న పిల్ల పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం చేసిన వీడియో పెడితే చూడముచ్చటగానే ఉంటుంది. దాని పక్కన సాధన మొదలుపెట్టిన నెలలో పళ్ళెం జారిపోయిన వీడియో కూడా ఉండాలి. లేకపోతే అది పెళ్ళి ఆల్బం.

5. రిఫ్లెక్షన్: అసలు పని ఇక్కడే

ప్రతి పనికీ ముందో వెనకో, ఆ పని చేస్తూ తను ఏం అనుకుంది, ఏం మార్చుకుంది అని ఒక పేజీ రాయాలి. దాన్ని రిఫ్లెక్షన్ అంటారు. ప్యానెల్లో కూర్చున్న నేను ముందు చదివేది అదే. నూటికి ఎనభై ఇలా ఉంటాయి: "ఈ ప్రాజెక్టు ద్వారా నేను టీమ్‌వర్క్, టైమ్ మేనేజ్‌మెంట్, క్రిటికల్ థింకింగ్ నేర్చుకున్నాను. ఇది నా జీవితంలో మరువలేని అనుభవం." ఈ రెండు వాక్యాల్ని ఏ పిల్లవాడి ఏ ప్రాజెక్టుకైనా అతికించవచ్చు. అలా అతికించగలిగితే అది రాయనట్టే.

దోశెల పిండి రిఫ్లెక్షన్లోంచి ఒక ముక్క, తెలుగులో చెబుతున్నాను: "ఎత్తు కొలిస్తే పరిమాణం కొలిచినట్టే అనుకున్నాను. గ్రాఫు నాకు కావలసినట్టే వచ్చింది కాబట్టి అనుమానించలేదు. అమ్మమ్మ చెప్పింది నిజమైతే ఓవెన్‌ది ఎక్కువ పొంగాలి, మరి హీటర్‌ది ఎందుకు పొంగింది అని తమ్ముడు అడిగేదాకా గ్లాసుల వైపు చూడనేలేదు." ఇందులో ఒక నమ్మకం ఉంది, అది విరిగిన క్షణం ఉంది, విరగ్గొట్టిన మనిషి కూడా ఉన్నాడు. ఇంకెవరి ప్రాజెక్టుకీ అతకదు.

రాయడం రాక ఇబ్బందిపడే పిల్లలకి ఒక పాత సాధనం చెబుతాను. న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్‌లో డెబోరా మైయర్ 1985లో సెంట్రల్ పార్క్ ఈస్ట్ సెకండరీ స్కూల్ మొదలుపెట్టింది. గ్రాడ్యుయేషన్‌కి పోర్ట్‌ఫోలియో అనే ఆలోచన ఇంతగా పాకడానికి ఆ స్కూలు పెద్ద కారణం. అక్కడ ఒక్కో విద్యార్థి 14 పోర్ట్‌ఫోలియోలు చెయ్యాలి. సైన్సు, మ్యాథ్స్, చరిత్ర, సాహిత్యంతో పాటు ఆత్మకథ, నీతి, సేవ, భూగోళం, ఇంకో భాష, చివరికి శరీర వ్యాయామం కూడా ఉండేవి. వాటిలో ఏడింటిని కమిటీ ముందు సమర్థించుకోవాలి. ఆ స్కూలంతటా ఐదు ప్రశ్నలు తిరుగుతుండేవి. మన మాటల్లో చెబితే: ఇది నిజమని నీకెలా తెలుసు? ఇది ఎవరి చూపు? దీనికి దేనితో ముడి ఉంది? ఇలా కాకుండా ఇంకోలా జరిగుంటే? అయితే ఏంటట?

మా అబ్బాయి సోషల్‌కి 1977 దివిసీమ ఉప్పెన తీసుకున్నాడు. అమ్మమ్మకి ఫోన్ చేసి, తెలుగులో అడిగి, రికార్డు చేసి రాసుకున్నాడు. తాటిచెట్టంత అల వచ్చిందని చెప్పింది ఆవిడ. రికార్డుల్లో ఉన్న ఎత్తు అంతకన్నా బాగా తక్కువ. "అమ్మమ్మది తప్పు" అని రాసుకొచ్చాడు. ఆ ఐదు ప్రశ్నల్లో రెండోదాని దగ్గర ఆగిపోయాడు: నవంబరు 19 రాత్రి చీకట్లో నీళ్ళకి భయపడి పరిగెత్తిన మనిషి చూపు ఒకటి, తర్వాత వచ్చి కొలిచినవాళ్ళ చూపు ఒకటి. రెండూ ఏ పనికి సాక్ష్యాలు? వాడి రిఫ్లెక్షన్ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. తెలుగు క్లాసులో చచ్చినట్టు నేర్చుకున్న అక్షరాలు అక్కడ పనికొచ్చాయని వాడే ఒప్పుకున్నాడు.

తెలుగు సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. 2011లో కాలిఫోర్నియా చట్టంతో మొదలైన సీల్ ఆఫ్ బైలిటరసీ ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. రెండు భాషలు వచ్చిన పిల్లలకి డిప్లొమా మీద వేసే ముద్ర అది. భాషా పరీక్షలు పెట్టే అవాంట్ అనే సంస్థ వాళ్ళ స్టాంప్ పరీక్షల్లో తెలుగు కూడా ఉంది. పోర్ట్‌ఫోలియోలో భాషకి చోటుంటే ముద్ర ఒక్కటే పెట్టకుండా ఇలాంటి ఇంటర్వ్యూ ఒకటి జత చెయ్యండి.

6. కూర్చడం

దీని మీదే పిల్లలు ఎక్కువ సమయం తగలేస్తారు. గూగుల్ సైట్స్‌లో ఒక మామూలు పేజీ చాలు: మొదట తను ఎవరో ఒక పేరా, తర్వాత పనికో పేజీ, చివర్లో రెజ్యూమె. ఫాంట్లు, కదిలే బొమ్మలు, వెనకాల సంగీతం ఎవరూ చూడరు. చూసేది లింకులు తెరుచుకుంటున్నాయా అని. స్కూలు అకౌంటులోని ఫైళ్ళు బయటివాళ్ళకి తెరుచుకోకపోవడం నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. వేరే కంప్యూటర్లో, లాగిన్ లేకుండా ఒకసారి తెరిచి చూడమనండి. పుస్తకాల నుంచి, సైట్ల నుంచి తీసుకున్నది ఎక్కడిదో రాయాలి. ఫొటోలకీ అంతే.

7. మీరు ఎంతవరకు?

ఇది కష్టమైన చోటు, ముఖ్యంగా మనకి. బ్యాంగిల్ స్టోర్లో కొన్న చార్టు మీద రాత్రంతా కూర్చుని పిల్లల బదులు బొమ్మలు అతికించిన అమ్మలం మనం. ఇక్కడ మీరు చెయ్యగలిగింది వినడం. "ఇది ఎందుకు చేశావు?" అని అడిగి, జవాబు చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసి పిల్లలకే ఇవ్వండి. ఆ మాటలే సగం రిఫ్లెక్షన్. వాక్యాలు దిద్దకండి. మీరు దిద్దిన వాక్యం, చాట్‌బాట్ రాసిన పేరా, రెండూ ప్యానెల్లో ఒకేలా దొరికిపోతాయి. "ఈ మాటకి అర్థమేంటమ్మా?" అని అడిగితే పిల్ల తల దించుకుంటుంది. నేనే అడిగాను ఒకసారి, ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకోటి, 18 నిండగానే స్కూలు రికార్డుల మీద హక్కులు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి బదిలీ అవుతాయి. 1974 నాటి ఫెర్పా చట్టం అది. పన్నెండో తరగతి మధ్యలో పుట్టినరోజు వస్తే, పోర్ట్‌ఫోలియో ఎంతవరకు వచ్చిందని మీరు అడిగితే స్కూలు మీ అమ్మాయినే అడగమనవచ్చు. కోపం తెచ్చుకోకండి.

8. డిఫెన్స్ అంటే వైవానే, కానీ...

మనకి వైవా అంటే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, ఓమ్ సూత్రం, చెమటలు. ఇక్కడ ఎదురుగా ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు. పిల్లవాడు పది పదిహేను నిమిషాలు చెబుతాడు, తర్వాత ప్రశ్నలు. సూత్రాలు అడగరు. "నువ్వు తీసుకున్న నిర్ణయాల్లో ఏది మార్చుకుంటావు?" "నీతో ఒప్పుకోనివాళ్ళు ఏమంటారు?" "ఇంకో నెల ఉంటే ఏం చేసేదానివి?" ఇలా ఉంటాయి.

మన పిల్లలు రెండు చోట్ల తడబడటం చూస్తుంటాను. ఒకటి, స్లైడు మీదున్నది చదివేస్తారు, బట్టీపట్టిన పద్యంలాగా. మధ్యలో ఆపి ప్రశ్న వేస్తే మళ్ళీ మొదటి లైను నుంచి రావాలి. అందుకే రిహార్సల్లో కావాలనే మధ్యలో ఆపండి. స్లైడు మీద బొమ్మ, గ్రాఫు తప్ప వాక్యాలు ఉండకుండా చూడండి. రెండోది, వినయం. గ్రూపు ప్రాజెక్టులో అంతా తనే చేసినా "మేము చేశాం" అంటారు. ప్యానెల్ మార్కులు వేసేది ఎదురుగా ఉన్న మనిషికి. "డేటా నేను సేకరించాను, గ్రాఫు ఫలానావాళ్ళు గీశారు, ముగింపు ఇద్దరం కలిసి రాశాం" అని విడదీసి చెప్పడం గొప్పలు చెప్పుకోవడం కాదని ఇంట్లోనే నచ్చజెప్పాలి.

తెలియని ప్రశ్న వస్తే "తెలియదు" అని ఊరుకోవద్దు, ఊహించి అబద్ధం అసలే వద్దు. "అది నేను చూడలేదు, చూడాలంటే ఇలా చేస్తాను" అన్నది పూర్తి జవాబే. దోశెల పిండి అమ్మాయిని ఒకాయన అడిగాడు, పొంగడానికి కారణం ఈస్టేనా అని. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా విడిచే కార్బన్ డయాక్సైడ్ అని చదివానని, తను మాత్రం ఆ వాయువును కొలవలేదని చెప్పింది. ఆయన ఏదో రాసుకుని తలాడించాడు.

కనీసం రెండుసార్లు రిహార్సల్ పెట్టండి. ఒకటి ఆ సబ్జెక్టు తెలిసినవాళ్ళ ముందు, ఇంకోటి ఏమీ తెలియనివాళ్ళ ముందు. వీడియో కాల్లో తాతగారు ఆ రెండో పనికి చాలా బాగుంటారు.

9. మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి

పదిలోనో పదకొండులోనో ఇండియా నుంచి వచ్చి చేరితే ముందు అడగాల్సింది: నేను వచ్చిన ఏడాది నుంచే లెక్కా, తగ్గించిన సంఖ్య ఏమైనా ఉందా? వచ్చేటప్పుడు మార్కుల మెమోలతో పాటు పాత నోటు పుస్తకాలు, ప్రాజెక్టు చార్టుల ఫొటోలు, సైన్స్ ఫెయిర్ నమూనా బొమ్మలు కూడా తెచ్చుకోండి. అక్కడ వదిలేసి వచ్చుంటే తమ్ముడినో స్నేహితుడినో అడిగి ఫోన్లో ఫొటోలు తెప్పించుకోండి. తెలుగులో రాసిన పని పెట్టవచ్చా అని టీచర్ని అడిగి, ఒప్పుకుంటే పక్కన ఇంగ్లీషులో వివరణ రాయండి. రెండు దేశాల క్లాసురూముల మధ్య తేడా మీకు తెలిసినట్టు ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలియదు. రిఫ్లెక్షన్‌కి అదే మంచి సరుకు. ఉచ్చారణ గురించి భయపడకండి, నెమ్మదిగా మాట్లాడండి చాలు.

10. తిప్పి పంపితే, అయిపోయాక

వెనక్కి రావడం మామూలే. మా పిల్లలిద్దరివీ ఒకసారి వెనక్కి వచ్చాయి. రూబ్రిక్‌లో ఏ వరుసలో తక్కువ పడిందో అడిగి, ఆ ముక్క మాత్రమే దిద్దండి. మొత్తం మళ్ళీ మొదలుపెడితే గడువు దాటుతుంది. దిద్దింది ఇచ్చాక, అందినట్టు ఈమెయిల్ తీసుకోండి, గ్రాడ్యుయేషన్ లెక్కలో చేర్చారో లేదో మే నెలలో కౌన్సెలర్ని ఒకసారి అడగండి.

చివరగా, స్కూలు అకౌంటుని చాలా చోట్ల గ్రాడ్యుయేషన్ తర్వాత మూసేస్తారు. అందులోని సైటూ డ్రైవూ దాంతోనే పోతాయి. అకౌంటులోనివన్నీ దించుకోవడానికి గూగులే ఇచ్చే టేకౌట్‌తో అన్నీ దించుకుని, సొంత అకౌంటులో ఒక కాపీ, ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ పెట్టమనండి. స్కూలు అనుమతిస్తే టేకౌట్ నుంచే నేరుగా సొంత జీమెయిల్‌కి బదిలీ కూడా చేసుకోవచ్చు. గౌను వేసుకుని ఫొటోలు దిగే వారంలో ఇది ఎవరికీ గుర్తుండదు. ఏప్రిల్‌లోనే క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.